త్రాడు పట్టువాని కండ్లజోడు

రాతికొండ నెక్కువానిని అందఱును చూతురు. క్రింద నిలిచి వాని త్రాడు పట్టుకొన్నవానిని చూచువారు అరుదు. అయినను ఎక్కువాని ప్రాణము ఈ రెండవవాని చేతిలోనే యున్నది. ఈ త్రాడు పట్టు పనికి బిలే యని పేరు. ఎక్కువాని నడుముపట్టీకి త్రాటి యొక కొన కట్టబడియుండును. ఆ త్రాడు రాతియందు నాటిన మేకుల కొక్కెములగుండ సాగి, క్రిందివాని నడుమున తగిలించిన సాధనములోనికి వచ్చును. పైవాడు ముందునకు సాగునప్పుడు త్రాటిని కొంచెముకొంచెముగా వదలవలయును. వాడు జాఱినయెడల వెంటనే బిగబట్టవలయును. త్రాడు ఎక్కువ వదలియున్నను, పట్టుట ఆలస్యమైనను, పడినవాడు నేలను తాకవచ్చును.

ఈ పనియందు చేతులకెంత పనియో కండ్లకును అంత పని. గోడ పదునైదు మీటర్ల యెత్తుండగా, త్రాడు పట్టువాడు దాని మొదటనే నిలువవలసియుండుటచే, చూపు ఇంచుమించు ఆకాశమునకే పోవలసియుండును. మనుష్యుని తల సుమారు 5 కిలోగ్రాముల బరువు. ఆ బరువు వెన్నెముకమీద సమముగా నిలిచియున్నంతవఱకు మెడకు శ్రమ తెలియదు. తల వెనుకకు వాల్చినప్పుడు మాత్రము మెడకీళ్లు వెనుకవైపున ఒకదానిపై నొకటి నొక్కుకొనును, కండరములు బిగియును. చాలసేపు ఇట్లే నిలిచినచో నొప్పియు, కొందఱికి తల తిరుగుటయు కలుగును. నొప్పి పుట్టిన మెడ తనంతట తానే క్రిందికి వంగును. అప్పుడు కన్ను నేలను చూచును గాని యెక్కువానిని చూడదు. కావున ఈ మెడనొప్పి త్రాడు పట్టువాని సొంత బాధతో ముగియునది కాదు. పైవానికిని అపాయము తెచ్చునట్టిది.

దీనికి కనుగొన్న ఉపాయమే బిలే కండ్లజోడు. ఇందు మామూలు అద్దములకు బదులు ఒక్కొక్క కంటియెదుట ఒక్కొక్క చిన్న పట్టకము అమర్చబడియుండును. వెల్లకిల పరుండి పుస్తకము చదువదలచు రోగులకొఱకు పట్టకపు కండ్లజోళ్లు అంతకుముందే యుండెను. కొండ లెక్కువారు 21వ శతాబ్దమున ఆ సూత్రమునే తమ పనికి తెచ్చుకొనిరి. దీనిని ధరించినవాడు తల నెత్తక తిన్నగా ఎదుటికి చూచుచుండగనే పైనున్న దృశ్యము కంటబడును.

భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకు దీని మర్మము సులభముగనే తెలియును. గాజులోపలినుండి గాలిలోనికి పోవు కిరణము, గాజుముఖమునకు గీచిన లంబముతో సుమారు 42 డిగ్రీలకు మించిన కోణము చేసినచో, వెలుపలికి పోక లోపలికే మరలును. దీనిని సంపూర్ణాంతర పరావర్తనమందురు. పైనుండి పట్టకమును జొచ్చిన వెలుగు ఒక ముఖమున నొకసారి, వేఱొక ముఖమున మఱియొకసారి మరలి కంటిని చేరును. కోణము చాలని ముఖమునకు అద్దపుపూత పూయుదురు. రెండుమాఱులు మరలింపనేల యని అడుగవచ్చును. ఒక్క అద్దముతో పైకి చూచినచో దృశ్యము తలక్రిందగును. ఎక్కువాడు దిగుచున్నట్లు కనబడును. రెండవసారి మరలుటచే అది సరియగును. కుడియెడమలును తాఱుమాఱు కావు.

ఇక ఎన్నుకొను విధమును చెప్పెదము.

మొదట పట్టకములను పరీక్షింపవలయును. కండ్లజోడు ధరించి ఎత్తైన భవనముపైనున్న అక్షరములనో, చూరు అంచునో చూడవలయును. అక్షరములు స్పష్టముగ నుండవలయును. అంచులయందు ఎఱుపు నీలము చాఱలు కనబడరాదు. పిమ్మట ఒక కన్ను మూసి, తెఱచి, రెండవ కన్ను మూయవలయును. అట్లు మార్చునప్పుడు దృశ్యము పైకో క్రిందికో గెంతినయెడల రెండు పట్టకములును సరిగా కుదురలేదని యెఱుంగునది. అట్టిదానితో చూచిన ఒకటి రెండుగా కనబడి తలనొప్పి తెచ్చును. అది ఎంత చౌకయైనను కొనదగదు.

రెండవది పట్టకముల పదార్థము. గాజు బరువుగానుండును, క్రిందపడిన పగులును. అయినను గీతలు త్వరగా పడవు. ప్లాస్టిక్కు తేలిక, అయితే ధూళి తగిలిన గుడ్డతో తుడిచిన చాలును, గీతలు పడి మసకబాఱును. ఏది కొన్నను గట్టి పెట్టెయు, మెత్తని గుడ్డయు, మెడకు తగిలించుకొను దారమును ఉండుట అవసరము.

మూడవది చట్రము. ఇది చాల ముఖ్యము. పట్టకమునందు పైభాగము మాత్రమే కనబడును. చేతిలోని త్రాడు, కాళ్లయొద్దనున్న రాళ్లు, ప్రక్కన నడచు మనుష్యులు ఇవన్నియు పట్టకము చుట్టునున్న ఖాళీగుండ కనబడవలసినవే. కావున వెడల్పైన కమ్ములతో ప్రక్కలను మూసివేయు చట్రముకంటె సన్నని చట్రము మేలు. పెద్ద పట్టకము ఎక్కువ స్థలమును చూపునుగాని బరువు పెంచి ముక్కును నొక్కును. ఈ రెంటికిని నడుమ తనకు సరిపడునది చూచుకొనవలయును.

నాల్గవది, ఇదివఱకే కండ్లజోడు గలవారి సంగతి. పట్టకము చూపును మరలించును గాని దృష్టిదోషమును సవరింపదు. దూరపుచూపు తక్కువగలవారు తమ కండ్లజోడు తీసివేయక దానిపైన ఇమిడెడు రకమును ఎన్నుకొనవలయును. శిరస్త్రాణము పెట్టుకొని, తల ఇటునటు త్రిప్పి, జాఱకుండుట కనుగొని మఱి కొనవలయును.

కొనినంతమాత్రమున పని తీరదు. క్రొత్తలో పైదృశ్యము ఎదుటనున్నట్లు కనబడుటచే చేయి తడబడును. కొందఱికి వికారము పుట్టును. తక్కువ యెత్తున, ప్రక్కన అనుభవజ్ఞుడుండగా, కొన్నిదినములు అభ్యసింపవలయును. వీనిని ధరించి నడవరాదు. ఎక్కువాడు నేలకు దగ్గరగానుండి మొదటి రెండు మూడు కొక్కెములకు త్రాడు తగిలించువఱకు వట్టి కండ్లతోనే చూడవలయును. పడినచో నేల తగులు అపాయము అప్పుడే యెక్కువ. ఆరుబయట సూర్యుడు కొండకు పైగానున్నప్పుడు వీనితో చూచుట కంటికి కీడు. రాళ్లు రాలుచోట తల వంచుకొని తప్పించుకొనవలసివచ్చును గనుక అచ్చటను వీనిని తీసివేయుటయే మంచిది.

తల్లిదండ్రులు తమ పిల్లలకు వీనిని కొనిపెట్టవలయునా యని అడుగుదురేని, క్రొత్తగా నేర్చుకొనువారికి అవసరము లేదని చెప్పవచ్చును. మొదట త్రాటికి ముడివేయుటయు, ఒకరి ముడి నొకరు పరీక్షించుటయు, బిగబట్టు చేతిని త్రాటినుండి ఎన్నడును తీయకుండుటయు అలవడవలయును. ఉన్న సొమ్ము ముందు మంచి త్రాటికిని, శిరస్త్రాణమునకును వెచ్చింపదగును. వారమున పలుమాఱులు గంటలకొలది త్రాడు పట్టువారికిని, మెడ బాధ గలవారికిని మాత్రము ఈ కండ్లజోడు నిజముగా మేలు చేయును. ఒక జోడును వంతులవారీగా పలువురు వాడుకొనవచ్చును.

ఈ విద్య మన తెలుగువారికి క్రొత్తది కాదు. తెలంగాణములోని భువనగిరి కొండయం దభ్యసించిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్ అను విద్యార్థులు 2014వ సంవత్సరము మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కిరి. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. 2021లో టోక్యోయందు జరిగిన ఒలింపిక్ క్రీడలలో శిలారోహణమునకు మొదటిసారిగా స్థానము లభించెను. ఎక్కు బాలబాలికలు పెరిగినకొలదియు త్రాడు పట్టువారును పెరుగవలయును గదా.

ఈ కండ్లజోడు మెడకు విశ్రాంతి నిచ్చును గాని మనస్సునకు సెలవియ్యదు. ప్రక్కవానితో ముచ్చటలాడుచు ధరించినవానికంటె, కండ్లజోడు లేకయే మెడనొప్పి సహించి పైకి చూచువాడు నమ్మదగినవాడు. ఆ శ్రద్ధ గలవానికి ఇది మంచి సాధనము. ఎక్కువాడు క్రిందికి చూడకయే ధైర్యముగా తరువాతి పట్టునకు చేయి చాచుట, క్రిందివాని కన్ను తనమీదనున్నదను నమ్మకముచేతనే.