బ్యాటరీ ఎందుకు దిగిపోతున్నది?

గత సంవత్సరం వానాకాలంలో ఒక రాత్రి రెండు గంటలకు పొరుగువారు మా తలుపు తట్టారు. వారి కోడలికి నొప్పులు మొదలైనవి. ఆస్పత్రి 17 కిలోమీటర్ల దూరం. మా వ్యాను గుమ్మం ముందే ఉన్నది గాని, తాళంచెవి తిప్పితే "టిక్కు, టిక్కు" అని ఊరుకున్నది. లైట్లు నూనె అయిపోయిన దీపాల్లా ఎర్రబారినవి. వీధిలోని మగవాళ్లందరము కలిసి చెరువుగట్టు దాకా తోసి, దిగుడులో రెండవ గేరు వేసి క్లచ్చి వదిలితే ఇంజను అందుకున్నది. ఆపకుండా వెనక్కు తెచ్చి ఆమెను ఎక్కించుకున్నాము. తల్లీ బిడ్డా క్షేమమే గాని, ఆ అరగంట మాకు ఇప్పటికీ మరపు రాదు.

మర్నాడే పట్నం పోయి కొత్త బ్యాటరీ కొన్నాము. పాతది మూడేళ్లు దాటినది గనుక దాని ఆయుష్షు తీరిందని ఎవరినీ అడగకుండానే తేల్చుకున్నాము. పాతదాన్ని కొట్టులోనే ఇచ్చివేశాము. రెండు వారాలు వ్యాను రోజూ తిరిగింది, ఏ ఇబ్బందీ లేదు. తరువాత పంట పనుల్లో పడి మూడు రోజులు కదపలేదు. నాలుగవ రోజున మళ్లీ అదే టిక్కు. గ్యారంటీ కార్డు పట్టుకొని పోతే, కొట్టువారు చార్జింగు పెట్టి, పరీక్షించి, "బ్యాటరీ బాగానే ఉందండీ" అని తిరిగి ఇచ్చారు. మాకు కోపం వచ్చింది. వారు చెప్పినది నిజమని తరువాత తెలిసింది.

మా కష్టం తీర్చినవాడు పట్నంలో నలభై ఏళ్లుగా వైరింగు పని చేస్తున్న ఒక పెద్దాయన. ఆయన ముందు వ్యానును ముట్టుకోలేదు. "రోజూ తిరిగితే బాగుంటుందా? నిలబెడితే దిగిపోతుందా?" అని అడిగాడు. ఔనన్నాము. "నీళ్ల తొట్టి ఖాళీ అయిందంటే మూడే కారణాలండీ. తొట్టికి చిల్లు పడి ఉండాలి, పోసేవాడు పోయకుండా ఉండాలి, లేదా రాత్రిపూట ఎవరో ముంచుకుపోతూ ఉండాలి. మీరు చూడకుండానే కొత్త తొట్టి కొన్నారు" అన్నాడు.

ఈ మూడింటినీ ఇంటివద్దనే చూసుకోవచ్చును. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మీటరు ఒకటి చాలు. అంతకు ముందు టెర్మినళ్లను చూడండి. వాటిమీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకొంటే, క్లాంపు వదులైతే, మంచి బ్యాటరీ కూడ చచ్చినదానివలె ఉంటుంది. వేడినీళ్లలో తినేసోడా కలిపి, ఆ నీళ్లు బ్యాటరీ గదుల్లోకి పోకుండా కడిగి, ఆరిన తరువాత బిగించి వేసలీను రాస్తే సరి. విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు, బిగించేటప్పుడు అది చివర. ఈ వరుస తప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు ఎగురుతాయి. బ్యాటరీలో పుట్టే హైడ్రోజను వాయువు పేలుడు స్వభావం గలది గనుక బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయకూడదు.

ఇక తొట్టి సంగతి. కారు బ్యాటరీలో ఆరు గదులు, ఒక్కొక్కదానిలో రెండు వోల్టుల పైచిలుకు. వ్యానును రాత్రంతా నిలిపి, ఉదయం స్టార్టు చేయకముందు మీటరు పెడితే 12.6 వోల్టులు వచ్చినట్లయితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగితే అడుగంటినట్టే. నిండా చార్జి చేసిన బ్యాటరీ, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కు కిందికి పడిపోతే దానిలో సత్తువ లేదు. వైర్లన్నీ విప్పి ఒక పక్కన పెట్టినా రెండు మూడు రోజుల్లో తనంతట తానే దిగిపోతే దోషం దానిదే, మార్చవలసినదే. మూతలున్న బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఆరు గదులూ చూడాలి. అయిదు ఒకలాగుండి ఆరవది బాగా తక్కువ చూపితే ఆ గది పోయినట్టు.

పోసేవాడు డైనమో. ఇప్పటి కార్లలో ఉన్నది ఆల్టర్నేటరే గాని మెకానిక్కుల నోట అది డైనమోయే. ఇంజను నడుస్తుండగా మీటరు పెడితే సుమారు 13.8 నుండి 14.5 వోల్టుల వరకు రావాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఈ అంకెను కొంత హెచ్చుతగ్గులు చేస్తుంది. ఇంజను నడుస్తున్నా 12 చిల్లరే వస్తుంటే ఫ్యాను బెల్టు వదులో, డైనమోలో లోపమో చూడాలి. 15 దాటితే అదీ ప్రమాదమే, నీళ్లు మరిగి ఆవిరైపోతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, "ఆగలేదు గనుక డైనమో మంచిదే" అనే మెకానిక్కులు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. పాతకాలపు బండ్లకు అది చెల్లిందేమో గాని, ఇప్పటి బండ్లలో ఆ ఒక్క పనితో వోల్టేజి ఎగదన్ని రెగ్యులేటరు, కంప్యూటరు కాలిపోవచ్చును. మీ బండి మీద ఎవరినీ ఆ పని చేయనీయకండి.

మా వ్యాను ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గింది. అప్పుడు పెద్దాయన తాళంచెవి తీసి, అన్ని లైట్లూ ఆపి, మైనస్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య ఒక చిన్న 12 వోల్టుల బల్బు తగిలించాడు. అది మినుకుమన్నది! నిద్రపోతున్న బండిలో ఎవరో మేలుకొని ఉన్నారన్నమాట. బల్బు తీసి మీటరును ఆంపియర్ల మీద పెట్టి అదే చోట కలిపితే అర ఆంపియరు చూపింది. గడియారానికి, కంప్యూటరుకు 20 నుండి 50 మిల్లీ ఆంపియర్ల దాకా పోవడం సహజమే. మాది దానికి పది రెట్లు. లెక్క వేయండి: అర ఆంపియరు చొప్పున రోజుకు 12, మూడు రోజులకు 36. మా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది!

తరువాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటరు చూశాడు. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నట్టు. అన్నీ తీసినా మాది అర ఆంపియరు దగ్గరే నిలిచింది. ఆయన నవ్వి, "ఈ మధ్య దీనికి ఏం తగిలించారు?" అన్నాడు. అప్పుడు గుర్తుకు వచ్చింది. రెండు నెలల ముందు, మా అబ్బాయి పెళ్లికని, పాటల పెట్టెకు ఒక యాంప్లిఫయరు పెట్టించాము. బిగించినవాడు ఫ్యూజు పెట్టె వైపు పోక, నేరుగా బ్యాటరీ నుండే వైరు లాగి సీటు కింద దాచాడు. తాళం తీసినా అది ఆరదు. ఆ వైరు ఊడదీయగానే మీటరు 0.03కు దిగింది.

ఈ పరీక్ష చేసేవారు కొంచెం జాగ్రత్తపడాలి. మీటరు అలా కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, హెడ్‌లైట్లు వేయకూడదు. లోపలి ఫ్యూజు పోతుంది. ఆంపియర్ల మీద పెట్టిన మీటరును బ్యాటరీ రెండు కొసలకు ఎన్నడూ తాకించకూడదు. కొత్త కార్లు తలుపు మూసిన వెంటనే నిద్రపోవు, అరగంట ఆగి చూడాలి. డిక్కీ లైటు మూత వేసినా వెలుగుతూ ఉండటం, డైనమోలోని డయోడు పాడై రాత్రంతా లాగటం కూడ తరచు కనబడే దొంగలే. ఎక్కడా ఏమీ దొరకకపోతే మీ ప్రయాణాలను చూసుకోండి. రోజుకు రెండు కిలోమీటర్లు తిరిగే కారులో, స్టార్టుకు ఖర్చయినది తిరిగి చేరదు.

పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలివేయకండి. పలకలమీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, మళ్లీ చార్జింగు పట్టదు. మన ఎండలకు నీళ్లూ త్వరగా తగ్గుతాయి గనుక, మూతలున్నవాటిలో నెలకొకసారి చూసి డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లూ వద్దు, ఆసిడూ వద్దు.

ఆ వైరుకు ఇప్పుడు ఒక ఫ్యూజు, తాళంతోపాటు ఆరే స్విచ్చి పెట్టించాము. కొత్త బ్యాటరీ రెండుసార్లు అడుగంటినందున కొంత ఆయుష్షు పోగొట్టుకున్నది. మేము ఇచ్చివేసిన పాతది బహుశా ఇంకో ఏడాది వచ్చేదేమో అన్నాడు పెద్దాయన. మీటరు ఒకటి కొని ఇంట్లో ఉంచాము. ఊరిలో ట్రాక్టరువాళ్లూ ఆటోవాళ్లూ అడిగి పట్టుకుపోతుంటారు. తెచ్చి ఇచ్చేటప్పుడు దానిని ఆపడం మరచిపోతారు, దాని లోపలి బ్యాటరీ అయిపోతుంది.