జనాభా లెక్కలు – పర్యవేక్షకుని పని

మన ఉపాధ్యాయులు కొందరు జనాభా లెక్కల కాలమున చేతసంచియు కాగితముల కట్టయు బూని వీధివీధి తిరుగుట తలిదండ్రులు చూచియే యుందురు. “మాస్టరుగారూ, మా యింట నెందరమో మీకు తెలియనిదా? మరల నడుగుట యెందులకు?” అని నవ్వినవారును గలరు. 2011వ సంవత్సరపు లెక్కలలో నేను ఆరుగురు ఎన్యూమరేటర్లపై పర్యవేక్షకుడనుగా నియమింపబడితిని. ఆ పని యెట్టిదో, అందు మెలకువ యెచ్చట గావలెనో, మన బాలబాలికలకు తెలియునట్లు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

దేశమంతటను ఒకే కాలమున జనులను లెక్కించుట మొదట 1881 ఫిబ్రవరి 17వ తేదీన జరిగెను. అంతకుముందు 1872 ప్రాంతమున ఒక్కొక్క రాజధానిలో ఒక్కొక్క కాలమున లెక్కలు తీసిరి. 1931 వరకు ఒకే రాత్రి దేశమంతయు లెక్కించు పద్ధతి యుండెను. తరువాత ఆ పనికి కొన్ని వారముల గడువు నిచ్చిరి. 1948లో జనాభా లెక్కల చట్టము వచ్చెను. 1872 మొదలుకొని చూచిన 2011 నాటిది పదునైదవది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఏడవది.

ఇంత పెద్ద దేశమును లెక్కించుట యెట్లు? చిన్న చిన్న ముక్కలుగా పంచుకొనుటయే ఉపాయము. ఆరువందల యేబది మొదలు ఎనిమిది వందల మంది వరకు నివసించు ప్రదేశము ఒక బ్లాకు. బ్లాకునకు ఒక ఎన్యూమరేటరు. ఆరుగురు ఎన్యూమరేటర్లకు ఒక పర్యవేక్షకుడు. మండలములో వీరందరికి పైన చార్జి అధికారియగు తహసీల్దారు, జిల్లాకు కలెక్టరు, వారికి పైన హైదరాబాదులోని డైరెక్టరు, ఢిల్లీలోని కమిషనరు. 2011లో ఇట్లు పనిచేసినవారు దేశమంతట ఇంచుమించు 27 లక్షల మంది. వారిలో పెక్కుమంది మావంటి ఉపాధ్యాయులే. మోషే ఇశ్రాయేలీయులను లెక్కించినప్పుడు గోత్రమునకొక పెద్దను తోడు చేసికొనెనని సంఖ్యాకాండము మొదటి అధ్యాయములో చదువుదుము గదా! పని పంచుకొనుట అంత ప్రాచీనమైనది.

పర్యవేక్షకుని మొదటి పని హద్దులు చూచుట. ఎన్యూమరేటరు తన బ్లాకునకు చేతితో నక్షా గీయును. అందు వీధులు, బావి, గుడి, చర్చి, ఇండ్లు వరుసగా గుర్తించును. ఒకరి బ్లాకు ముగిసి మరియొకరి బ్లాకు మొదలగు చోటనే పొరపాటు పొంచియుండును. మా ఆరు బ్లాకులలో ఒక కాలువగట్టు ఇట్టి హద్దు. గట్టుమీది గుడిసెలు తనవి కావని ఇటువాడనెను, అటువాడును తనవి కావనెను. ఇరువురను వెంటబెట్టుకొని గట్టువెంట నడచి, గుడిసెలను ఒకరికి అప్పగించి, రెండు నక్షాలలోను గుర్తు పెట్టించితిని. ఈ పని ముందు జరుగనిచో ఆ కుటుంబములు రెండు లెక్కలలో నొకదానియందును చేరక పోయెడివి.

రెండవ పని, అడుగుట యెట్లో నేర్పుట. 2011 ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు ఎన్యూమరేటర్లు ఇంటింటికి పోయి, ఒక్కొక్క మనుష్యుని గూర్చి 29 ప్రశ్నలు వేసి వ్రాసికొనిరి. ఆ కాగితములను తరువాత యంత్రము చదువును గనుక మడవరాదు, తడుపరాదు, అంకెలు గళ్లలోనే వ్రాయవలెను. ఇవి చేతి పనులు, సులభముగా పట్టువడును. ప్రశ్న అడుగుటయే కష్టము. “మీ యావిడ పని ఏమైన చేయునా?” అని యింటి యజమానుని అడిగినచో “ఏమియు లేదండి, ఇంటిలోనే యుండును” అని బదులు వచ్చును. ఆమెయో తెల్లవారుజామున లేచి రెండు గేదెలను మేపి పాలు పోసి డబ్బు తెచ్చుచుండును! అందుచేత “పాలెవరు పితుకుదురు? నాట్లకు, కలుపునకు ఎవరు పోవుదురు?” అని విడదీసి అడుగుమని మా వారికి చెప్పుచుంటిని.

చట్టములో ఒక చక్కని మినహాయింపు గలదు. ప్రశ్నలకు తెలిసినంతవరకు సత్యముగా బదులు చెప్పుట ప్రతివాని విధి. అయినను భర్త పేరు పలుకరాదను ఆచారము గల స్త్రీని ఆ పేరు చెప్పుమని నిర్బంధింపరాదు. ఇంటివారు చెప్పిన సంగతులు రహస్యములు. ఆ కాగితములను న్యాయస్థానములో సాక్ష్యముగా కూడ చూపరాదు. కావున నింపిన కాగితములను తమ యిండ్లలో నలుగురి కంటబడునట్లు ఉంచరాదని మా వారిని పలుమారు హెచ్చరించితిని.

మూడవ పని పరీక్షించుట. ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలెను. మా ఆరుగురిలో ఒక యువకుడు అందరికన్న ముందుగా కాగితములు తెచ్చియిచ్చెను. వ్రాత ముత్యములవలె నుండెను, కూడికలన్నియు సరిపోయెను. నేను మెచ్చుకొని, తక్కినవారికి మాదిరిగా చూపితిని. ఆ రాత్రి దీపము ముందు మరల త్రిప్పి చూడగా మనసు కలతపడెను. పెద్దల వయస్సులన్నియు ఇరువది, ఇరువదియైదు, ముప్పది, నలుబది – సున్నతోగాని అయిదుతోగాని ముగియుచుండెను. ఇండ్లు నూటికి పైగా నున్నను ఏడాది నిండని బిడ్డ ఒక్కరును లేరు. అంత మంది జనములో పసిబిడ్డ లేకుండుట సాధ్యమా?

మరునాడు ఉదయము నేనే పోయి నాలుగైదిండ్ల తలుపు తట్టితిని. మూడవ యింటిలో ఉయ్యాల ఊగుచుండెను. “అమ్మా, ఈ బిడ్డను వ్రాయించితిరా?” అని అడిగితిని. “పేరింకా పెట్టలేదయ్యా. పేరు లేని పిల్లను ఏమని వ్రాస్తారు?” అని ఆ తల్లి యనెను. ఎన్యూమరేటరు తన యింటికి రానేలేదని, వీధి చివర అరుగుమీద ఒక పెద్దాయనతో కూర్చుండి యెల్లరి సంగతులు వ్రాసికొని పోయెనని ఆమెయే చెప్పెను.

కోపముతో అతనిని పిలిపించితిని. అతడు తలవంచుకొని, తల్లి ఆసుపత్రిలో నున్నదనియు, పగలు పాఠశాల, రాత్రి ఆసుపత్రి యగుటచే ఇంటింటికి తిరుగలేకపోతిననియు చెప్పెను. “నాకు ముందే యేల చెప్పలేదు?” అంటిని. “మీరు ఒక్కనాడును మా వీధికి రాలేదు గదా సార్” అనెను. ఆ మాట నన్ను గ్రుచ్చెను. మొదటి దినములలోనే ప్రతి ఎన్యూమరేటరుతోను కొన్ని యిండ్లు తిరిగి చూచుట నా విధి. మంచి వ్రాతగాడను నమ్మకముతో అతని వీధికి మాత్రము నేను పోనైతిని. తప్పు మొదట అతనిది. దానిని కనిపెట్టవలసిన కన్ను నాది. చార్జి అధికారికి ఉన్నదున్నట్లు తెలిపి, క్రొత్త కాగితములు తీసికొని, సాయంకాలములందు ఇరువురము కలిసి ఆ బ్లాకంతయు మరల తిరిగితిమి. అతని తల్లి యొద్ద నుండుటకు మాలో తక్కినవారు వంతులు వేసికొనిరి. పని ముగియునప్పటికి మొదటి లెక్కలో లేని పదునొకండు మంది దొరికిరి. వారిలో ఆరుగురు పసివారు. ఒకామె చూపులేని ముదుసలి.

ఫిబ్రవరి 28వ తేది రాత్రి ఇల్లు లేనివారిని లెక్కించితిమి. బస్‌స్టాండులోను, మూసిన అంగళ్ల అరుగులమీదను పరుండినవారి యొద్దకు లాంతరుతో పోయితిమి. ఒక వృద్ధుడు లేచి కూర్చుండి, “నన్ను లెక్కబెట్టి యేమి చేస్తారయ్యా?” అనెను. మా యువకుడు ఆయన ప్రక్కన నేలమీద కూర్చుండి, ఊరు పేరు మొదలుకొని నెమ్మదిగా అడిగి వ్రాసికొనెను. మార్చి 1 మొదలు 5 వరకు మరల ఇంటింటికి పోయి, ఆ అర్ధరాత్రికి ముందు పుట్టినవారిని చేర్చి, చనిపోయినవారిని తీసివేసితిమి. అర్ధరాత్రి దాటిన పిమ్మట పుట్టిన బిడ్డ ఆ లెక్కకు రాడు.

ఈ శ్రద్ధ యేల? 2011 లెక్కల వెనుక జరిపిన పరీక్షలో వెయ్యిమందికి 23 మంది చొప్పున తప్పిపోయినట్లు తేలినది. మా ఆరు బ్లాకులలో సుమారు నాలుగువేల మంది. ఆ చొప్పున తొంబదిమంది, అనగా రెండు తరగతుల నిండ విద్యార్థులు! 2013 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద చౌక బియ్యము ఏ రాష్ట్రములో ఎందరికని నిర్ణయించుటకు 2011 జనాభా లెక్కలనే ఆధారముగా గొనిరి. లెక్కలో లేనివాని వంతు ఎవరు అడుగుదురు?

2021లో జరుగవలసిన లెక్కలు కోవిడు వ్యాధిచే నిలిచిపోయినవి. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గొని లెక్కలు తీయుదుమని 2025 జూన్ 16వ తేదీన ప్రభుత్వము ప్రకటించెను. ఈసారి కాగితమునకు మారుగా చేతి ఫోనులో వ్రాయుటకు ఏర్పాటు చేసిరి. కూడికలు యంత్రమే చూచుకొనవచ్చును. తట్టని తలుపును మాత్రము ఏ యంత్రమును తట్టజాలదు.

విద్యార్థులారా, మీ యింటికి ఎన్యూమరేటరు వచ్చినప్పుడు కుర్చీ వేసి మంచినీళ్లిండు. తాతగారి వయస్సు, అమ్మ చేయు పని సరిగా చెప్పించుడు. ఉయ్యాలలోని చెల్లిని మరువకుడు. పేరు లేకున్నను ఆమె ఒకతె. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులై ఈ పని చేయుదురు. నూరు గొఱ్ఱెలు గల కాపరి తొంబదితొమ్మిదింటిని విడిచి తప్పిపోయినదానిని వెదకిన ఉపమానము మీకందరకు తెలియును. లెక్క సరిగా చూచుకొన్నవాడు గనుకనే ఒకటి తప్పినదని అతనికి తెలిసెను. ఆ కాపరికున్న శ్రద్ధను ప్రభువు మన కందరకు దయచేయునుగాక.