ఒకే పోలిక గల కణములు: ఆనవాలు పట్టుట ఎట్లు?

ఒక్క నెత్తురుబొట్టును గాజుపలకపై పరచి, రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో చూచినచో, తెల్లకణములలో లింఫోసైట్లు అనునవి ఊదారంగు పూసలవలె గుండ్రముగా కనబడును. వానిలో కొన్ని రోగక్రిములకు విరుగుడైన ప్రతిరక్షకములను తయారుచేయును. కొన్ని ఇతర కణములను పనికి పురికొల్పును. మరికొన్ని క్రిమి చొచ్చిన కణమును స్వయముగా చంపును. పనులు వేరు, రూపమొక్కటే. కవలలను కన్నతల్లి పోల్చుకొనగలదు గాని, ఇచట ఎంత ఆరితేరిన వైద్యుని కన్నైనను ఓడిపోవును.

భేదమంతయు కణము పైపొరలో నున్నది. అక్కడి మాంసకృత్తులు తెగకొక తీరున నుండును. థైమస్ గ్రంథిలో ముదిరి వచ్చు టీ కణములన్నిటికిని సీడీ3 అను మాంసకృత్తు గలదు. వానిలో సహాయకణములకు సీడీ4యు, సంహారకణములకు ముఖ్యముగా సీడీ8యు గుర్తులు. ఇవి వాకిటి తలుపుమీది ఇంటినంబర్ల వంటివి. మరి వానిని చదువుట ఎట్లని శ్రోతలు అడుగవచ్చును.

చదువుటకు ప్రతిరక్షకమే సాధనము. తనకు సరిపడిన మాంసకృత్తును తప్ప మరి దేనిని అది అంటదు. అయితే జంతువుల రక్తమునుండి తీసిన సీరములో ఇవి పలు రకములు కలగాపులగముగా నుండును. 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జార్జి కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఈ చిక్కు విప్పిరి. చిట్టెలుకకు గొఱ్ఱె ఎర్రకణములను ఎక్కించి, ఆ పిదప దాని ప్లీహమునుండి ప్రతిరక్షకము తయారుచేయు కణములను తీసి, చావెరుగక పెరుగు క్యాన్సరు కణములతో కలిపిరి. ఆ సంకరకణమునకు ఒకరి విద్యయు, వేరొకరి ఆయుర్దాయమును సంక్రమించినవి. ఒక్క కణము సంతతి యంతయు ఒక్కటే ప్రతిరక్షకము నిచ్చును గనుక దీనిని మోనోక్లోనల్, అనగా ఏకవంశ ప్రతిరక్షక మందురు. 1984లో వారిరువురును నీల్స్ యెర్నెతోపాటు నోబెల్ బహుమానమును పొందిరి.

1979 నాటికే అమెరికాలో టీ కణముల గుర్తులను పట్టు ఓకేటీ3, ఓకేటీ4 అను ప్రతిరక్షకములు వెలువడినవి. ఒకే మాంసకృత్తునకు ప్రయోగశాల కొక పేరు పెట్టుచుండగా, 1982లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు సీడీ సంఖ్యలకు నాంది పలికిరి. ఇది లేనిచో మనమీ గందరగోళమును దాటలేకపోయెడివారము!

ప్రతిరక్షకమునకు మెరిసెడి రంగు నంటించి నెత్తురులో కలుపుదురు. కాపరి మందను దొడ్డివాకిట ఒక్కొక్కటిగా వదలి లెక్కించునట్లు, ఫ్లో సైటోమీటరు అను యంత్రము కణములను వరుసగా లేజరు కిరణము ముందు నడిపించి, మెరసినవానిని లెక్కించును.

ఈ సాధనము సిద్ధమైన కొలది కాలమునకే దానితో పని పడెను. 1981లో లాస్ ఏంజిలీస్‌లో కొందరు యువకులు అరుదైన న్యుమోనియాతో ఆసుపత్రికి వచ్చిరి. వారి నెత్తురును పరీక్షింపగా సహాయకణములు దాదాపు లేకపోయెను. వ్యాధికి ఇంకను పేరు లేదు, క్రిమి తెలియదు. తరిగిన కణమేదో మాత్రము తెలిసెను. ఎయిడ్స్ వైరస్ కణములోనికి చొచ్చుటకు ఆ సీడీ4నే ద్వారముగా చేసికొనుచున్నదని 1984లో బయల్పడెను.

ఆరోగ్యవంతుని నెత్తురులో ఘన మిల్లీమీటరునకు సుమారు 500 మొదలు 1500 వరకు సీడీ4 కణములుండును. మన దేశమున 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వము ఉచితముగా మందు లిచ్చుట ఆరంభించినప్పుడు, సాధారణముగా ఈ లెక్క 200కు దిగిన వారికే, లేదా వ్యాధి ముదిరిన వారికే, అవి లభించెడివి. వ్యాధి అధికముగా నుండిన నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో ఆ ఒక్క అంకెకై కాచుకొని యుండిరి. పిమ్మట ఆ హద్దు క్రమముగా పెరిగి, 2017లో తొలగిపోయెను. రోగనిర్ధారణ కాగానే మందు మొదలిడుదురు. ఐనను రోగి రక్షణశక్తి ఎంత క్షీణించినదో, క్షయవంటి ఇతర వ్యాధులకై ఎంత జాగ్రత్త వహింపవలెనో తెలియుటకు వైద్యులు నేటికిని ఈ లెక్కనే అడుగుచున్నారు.