కుదించాక కాదు, ముందే తగ్గాలి రొద

న్యూఢిల్లీ: నోయిడాలో సెక్టార్ 15 ఉంది, సెక్టార్ 50 కూడా ఉంది. రద్దీ రోడ్డు పక్క నుంచి 112కు ఫోన్ చేసి ‘ఫిఫ్టీన్’ అన్నప్పుడు చివరి నకారం వినబడకపోతే అవతలివారికి ‘ఫిఫ్టీ’గా తోచవచ్చు. ఇందుకు హారన్ల మోత ఒక్కటే కారణం కాదు, ఫోన్ మాటను కుదించే తీరు కూడా కారణమే.

మొబైల్ ఫోన్ మాటను యథాతథంగా పంపదు. 20 మిల్లీసెకన్ల ముక్కలుగా విడదీసి, గొంతు, నోరు ఆ ధ్వనిని ఎలా పలికాయో తెలిపే కొద్దిపాటి అంకెలనే పంపుతుంది. అవతలి ఫోన్ వాటితో మాటను తిరిగి నిర్మిస్తుంది. కాన్పూర్‌లో జన్మించిన బిష్ణు అటల్, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1985లో ప్రతిపాదించిన ‘సెల్ప్’ పద్ధతే నేటి అనేక మొబైల్ కోడెక్‌లకు ఆధారం.

చిక్కంతా ఇక్కడే. హారన్‌కు గొంతు ఉండదు. అయినా కోడెక్ దాన్నీ గొంతు లెక్కల్లోనే ఇరికిస్తుంది. మాట, మోత ఒకే గరగరగా మారాక విడదీయడం కష్టం. అందుకే వడపోత కుదింపునకు ముందే, మాట్లాడేవారి ఫోన్‌లోనే జరగాలి. చాలా ఫోన్లలో రెండో మైకు ఉండేది ఇందుకే.

ఫ్యాన్ హోరు వంటి నిలకడైన శబ్దాన్ని మాటల నడుమ విరామాల్లో అంచనా కట్టి తీసివేయవచ్చు. స్టీవెన్ బోల్ 1979లో చూపిన మార్గమిది. హఠాత్తుగా మోగే హారన్ దీనికి లొంగదు. వడపోత మితిమీరితే శ, ష, స, ఫ వంటి ఊష్మధ్వనులకే ముప్పు. గాలి రాపిడితో పుట్టే ఆ ధ్వనులు యంత్రానికి రొదలాగే కనిపిస్తాయి.

రద్దీలో చిరునామా చెప్పేటప్పుడు స్పీకర్ ఆపి, మైకును నోటికి దగ్గరగా ఉంచి, ‘ఒకటి, ఐదు’ అని అంకెలను విడివిడిగా పలకడం మేలు.