పాత్ర కంటే ముందు వచ్చే పాట

"స్టార్ వార్స్" చిత్రాలు చూసే పిల్లలున్న ఇళ్ళలో డార్త్ వేడర్ బాణీ తెలియనివారు ఉండరు. నల్లని ముసుగు తెరమీదికి రాకముందే ఇత్తడి వాద్యాలు మోగుతాయి, వచ్చేదెవరో పిల్లలు ముందే చెప్పేస్తారు. విశేషమేమిటంటే 1977లో వచ్చిన మొదటి చిత్రంలో ఈ బాణీ లేనే లేదు. సంగీత దర్శకులు జాన్ విలియమ్స్ దీనిని 1980 నాటి రెండవ చిత్రం "ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్" కోసం కట్టారు. 1983లో వచ్చిన మూడవ చిత్రంలో వేడర్ ప్రాణం విడిచే వేళ అదే బాణీ నెమ్మదించి, సన్నగిల్లి, చివరికి హార్ప్ తీగల మీద ఆగిపోతుంది. క్రూరుడు పోయి ఒక తండ్రి మిగిలాడన్న సంగతి చెప్పడానికి అక్కడ మాటల అవసరం లేదు.

ఆ మొదటి చిత్రానికి సంగీతం వాయించినది మనముంటున్న ఈ దేశపు లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాయే. 1977 మార్చిలో లండన్‌కు దగ్గరలోని డెన్హామ్‌లో రికార్డింగు జరిగింది. అయితే పాత్రకొక బాణీ కట్టి, కథతోపాటు దానిని మార్చుకుంటూ పోయే పద్ధతి అంతకంటే చాలా పాతది. జర్మనీలో వాగ్నర్ తన సంగీత నాటకాలలో దీనిని పెద్ద ఎత్తున వాడారు. సినిమాలోకి దానిని తెచ్చినవారిలో ముఖ్యులు వియన్నాలో పెరిగిన ఇద్దరు. 1933లో "కింగ్ కాంగ్"కు సంగీతం సమకూర్చిన మాక్స్ స్టైనర్ 1914లో అమెరికా చేరారు. 1938 నాటి "రాబిన్ హుడ్" సంగీతానికి ఆస్కార్ పొందిన కోర్న్‌గోల్డ్ ఆ పని మీద హాలీవుడ్‌లో ఉండగానే హిట్లర్ సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించాయి. యూదుడైన ఆయనకు ఇల్లు చేరే దారి మూసుకుపోయింది.

ఇద్దరూ మనలాగే వలస వచ్చినవారు. పుట్టినచోట నేర్చినదానిని పెట్టెలో భద్రపరచి పండుగనాడు మాత్రమే బయటికి తీయలేదు. కొత్త దేశంలో, కొత్త పనిలో దానిని రోజూ వాడారు. నేడు ప్రపంచమంతా "హాలీవుడ్ సంగీతం" అనుకునేది చాలావరకు అలా చేరినదే.

మరి మన పెట్టెలో ఏముంది? పాత్ర ప్రవేశ దరువు ఉంది. యక్షగానాలలోను, కూచిపూడి కలాపాలలోను పాత్ర ఊరకే వచ్చి నిలబడదు. "భామాకలాపం"లో ఇద్దరు తెర పట్టుకుంటారు. సత్యభామ జడ ముందుగా తెర మీదుగా వచ్చి పడుతుంది. దరువులో ఆమె అందం, అభిమానం, అతిశయం అన్నీ తెలిసిపోతాయి. తేడా ఒక్కటే. అక్కడ వాద్యబృందం పాత్రను గురించి చెబుతుంది, ఇక్కడ పాత్ర తన్ను గురించి తానే చెప్పుకుంటుంది.

మన సినిమా కూడా ఈ విద్యను మరచిపోలేదు. 1957 నాటి "మాయాబజార్"లో మాయా శశిరేఖ పెళ్ళి పాట గుర్తు చేసుకోండి. సుశీలగారి సుకుమారమైన గొంతు నడుమ ఘంటసాలగారి మగ గొంతు దూసుకువస్తుంది. కంటికి కనిపించేది పెళ్ళికూతురు, చెవికి దొరికిపోయేది ఘటోత్కచుడు! సావిత్రిగారి నడక, చూపు కూడా ఆ గొంతునే అనుసరిస్తాయి. తెలుగు సగమే అర్థమయ్యే పిల్లవాడు సైతం ఇక్కడ పకపకా నవ్వుతాడు.

కనుక సంఘ సభ్యులకు ఒక మనవి. మన వార్షికోత్సవాలలో సమయం చాలనప్పుడు నృత్యనాటికలో మొదట కత్తిరించేది ప్రవేశ దరువునే. "కథ త్వరగా మొదలుపెట్టండి" అంటాము. నిజానికి మాటలు అందని పిల్లలకు కథలోకి తలుపు తెరిచేది అదే. దానిని తీసివేస్తే వారికి మిగిలేది అర్థంకాని సంభాషణ, అమ్మానాన్నల బలవంతం. సంభాషణలు రెండు తగ్గించినా ఫరవాలేదు, దరువును ఉంచండి. తెర పట్టుకోవడానికి పిల్లలనే నిలబెట్టండి. తెర వెనుక ఉన్నదెవరో పాట విని చెప్పమనండి. వేడర్ బాణీతో ఆ విద్య వారికి ముందే అబ్బింది. సత్యభామను గుర్తుపట్టడం వారికేమంత కష్టం కాదు.