కాల్షీట్లివ్వని కలివికోడి!

రాయలసీమ అనగానే మన సినిమావాళ్ళకి గుర్తొచ్చేవి నాలుగే నాలుగు... సుమోలు, ఎర్రదుమ్ము, నాటుబాంబులు, కర్నూలు కొండారెడ్డి బురుజు! 2003లో ‘ఒక్కడు’ వచ్చాక ఆ బురుజుకి హీరోతో సమానంగా అభిమానులు తయారయ్యారు. 2009లో ‘అరుంధతి’ పుణ్యమా అని బనగానపల్లె నవాబు బంగళా కాస్తా అరుంధతి బంగళా అయి కూర్చుంది. బాగానే ఉంది. కానీ ఇదే సీమలో ఇంకో స్టారుంది. పారితోషికం అడగదు, మేకప్పు అక్కర్లేదు. అయితే పగలు షూటింగుకి రాదు, లైట్లు పడవు, మనిషి అలికిడైతే చాలు సెట్టు మీంచి మాయం! కెమెరా పట్టుకున్న మహామహులు ఆవిడ గుమ్మం ముందు ఏళ్ళ తరబడి పడిగాపులు పడ్డారు.

ఆవిడ పేరు కలివికోడి. కడప జిల్లా లంకమల కొండల కింద, కలివి పొదల మధ్య తిరిగే పిట్ట. పొడుగు జానెడు కంటే కాస్త ఎక్కువ. పెద్ద పెద్ద కళ్ళు, కంటిపైన వెడల్పాటి తెల్లని గీత, గొంతు కింద ఇటిక రంగు మచ్చ, రొమ్ము మీద రెండు పట్టీలు. రెండు పేటల హారం వేసుకున్నట్టుంటుందన్నమాట. శాస్త్రవేత్తలు పెట్టిన లాటిన్ పేరుకి అర్థం కూడా అదే!

ఈవిడ కెరీర్ గ్రాఫ్ చూస్తే మన సస్పెన్స్ చిత్రాల రచయితలు ఈర్ష్యపడాల్సిందే. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు పుణ్యాన 1848లో లోకానికి పరిచయమైంది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించింది. అంతే! ఆ తర్వాత ఎనభై ఆరేళ్ళు అజ్ఞాతవాసం. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి వెతికారు. దొరకలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేసుకున్నారు.

వాళ్ళు చేసిన పొరపాటల్లా ఒకటే... పగలు వెతకడం! ఈవిడ రాత్రి పిట్ట.

ఆ సంగతి పల్లెలో పిట్టలు పట్టేవాళ్ళకి తెలుసు. వాళ్ళని అడిగినవాళ్ళే లేరు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ అనే యువకుడు అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వేసి పిట్టని పట్టేశాడు. ప్రపంచమంతా వార్త! పాపం, ఆ పిట్ట మాత్రం పంజరంలో కొద్దిరోజులకే ప్రాణం విడిచింది. కనిపించిందన్న సంబరం తీరకముందే కన్నుమూయడమంటే ఇదే. 1988లో మన తపాలాశాఖ స్టాంపు మీద కలివికోడి బొమ్మ వేసింది. అదే ఏడాది అక్కడ 464 చదరపు కిలోమీటర్ల మేర శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది.

ఇక అసలు విషయం... ఫోటో!

టార్చి వేసి వెంటపడి ఫ్లాషు కొడితే పిట్ట బెదురుతుంది. పొదలో దాక్కుంటే రాదు. మరెలా? 2000 తర్వాత జగన్నాథన్ అనే తమిళ పరిశోధకుడూ ఆయన సహచరులూ వేసిన ఎత్తు చూడండి. ముందు కెమెరా మాటే ఎత్తలేదు. పొదల మధ్య దారుల్లో మెత్తటి మట్టి పట్టీలుగా పరిచారు. ఇంటిముందు ముగ్గుకి ముందు నేల చదును చేసుకుంటామే, అలా. తెల్లవారి వెళ్ళి అడుగుజాడలు చూసుకోవడం. కలివికోడికి వెనకవేలు ఉండదు, మూడే వేళ్ళు. జాడ పడిందంటే అక్కడ కెమెరా! మనిషి ఉండడు. ఎదురుగా ఏదైనా కదిలితే కెమెరా తనంతట తనే క్లిక్కుమంటుంది. దానికి స్టారూ ఎక్స్‌ట్రా తేడా ఏం తెలుసు? మేక అడ్డం వస్తే మేకే హీరోయిన్! అలా వచ్చిన బొమ్మల్లో కలివికోడీ పడింది. డైరెక్టరు లేడు, కెమెరామాన్ లేడు, ‘స్టార్ట్’ అన్నవాడు లేడు.

అన్నట్టు, ఈవిడకి ప్లేబ్యాక్ కూడా ఉంది! పొద్దుగుంకిన ముప్పావుగంటకి కాసేపు కూస్తుంది, అంతే. ఆ కూత రికార్డు చేసి, తిరిగి వినిపించి, జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించి వెతికారు పరిశోధకులు. తర్వాత చాలా ఏళ్ళు ఆ జవాబూ కరువైంది. 2025 ఆగస్టులో ఒక పక్షి పరిశీలకుల బృందానికి ఆ గొంతు మళ్ళీ దొరికింది. గొంతే... ముఖం కాదు!

ఇక్కడే మీకు ఒక మాట చెప్పాలి. ఇప్పుడు మీ అందరి జేబుల్లోనూ కెమెరా ఉంది. సెల్‌ఫోన్లో పిట్ట కూతా ఉంటుంది. సరదాకి పదిమంది పదిసార్లు వాయించారనుకోండి, పరాయి పిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని మేత మానేసి అటూ ఇటూ పరుగులు తీస్తుంది. మిగిలినవే కొద్ది. ఒక్క ఫోటో కోసం వాటిని హైరానా పెట్టేవాణ్ణి ఫోటోగ్రాఫరని నేననను. గూడు దగ్గర ఫోటో అసలే వద్దు. అభయారణ్యంలోకి వెళ్ళాలన్నా, ఫోటో తీయాలన్నా 1972 చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే.

పిట్టకి ముప్పు కెమెరా ఒక్కటేనా అంటే, కాదు. కలివికోడికి చిక్కటి అడవి పనికిరాదు, బోడినేలా పనికిరాదు. పొదకీ పొదకీ మధ్య నడవడానికి ఖాళీ కావాలి. ఆ ఖాళీ ఉంచేది మేకలూ, కట్టెలు కొట్టుకునే జనమూ! మరీ ఎక్కువ కొట్టినా కష్టమే, అసలు కొట్టకపోయినా కష్టమే. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చింది. సీమ రైతుకి నీళ్ళొద్దని ఎవరంటారు? అన్నవాడికి సీమ ఎండ తెలియదన్నమాట. చివరికి విషయం సుప్రీంకోర్టు కమిటీ దాకా వెళ్ళి కాలువ దారి మార్చారు. నీళ్ళూ కావాలి, పిట్టా కావాలి అంటే కుదురుతుందని తేలింది.

రోళ్ళపాడులో మాత్రం కథ అంత బాగా నడవలేదు. ఒకప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంది ఆ గడ్డిమైదానం. 1980ల్లో అక్కడ బట్టమేక పిట్ట మెడసంచి ఉబ్బించి, తోక ఎగరేసి ఆడదాని ముందు వేసే వేషాలు ఫోటోలు తీయడానికి జనం వచ్చేవారు. ఆ నాట్యం ఇప్పుడు పాత ఫోటోల్లోనే చూసుకోవాలి. అయితే కృష్ణజింకలు దండిగా ఉన్నాయి. కారు దిగకుండా కూర్చుంటే అవే పోజులిస్తాయి.

కొత్తగా కెమెరా పట్టినవాళ్ళకి గండికోట మంచి బడి. పెన్నా నది ఎర్రరాళ్ళని కోసుకుంటూ పోయిన ఆ లోయ మధ్యాహ్నం చప్పగా ఉంటుంది. పొద్దున్నే వెళ్ళండి, ఒక్కో రాయీ అంచు తేలి నిలబడుతుంది. మొదటిసారి నేను అరగంట సేపు మహా గొప్ప ఫోటోలు తీశాను, లెన్సు మూత తీయకుండా! ఫాల్గుణంలో ఆకు రాలిన కొండల మీద కొండగోగు పసుపుపచ్చగా పూస్తుంది. ఒక్క ఆకు ఉండదు, చెట్టునిండా పూలే. రంగుల చిత్రమంటే అదీ!

ఈ మధ్య ఒక సాయంత్రం లంకమల బయట, ఊరిబీట్లో కూర్చున్నాను. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగాడు.

“ఏం సామీ, ఈ కంపల్లో ఏముండాదని కెమెరా పట్టుకోనుండావు?”

చెప్పాను. ఆయన నవ్వి పక్కనే కూర్చుని బీడీ ముట్టించాడు. పొద్దుగుంకింది. చీకట్లు కమ్మాయి. కీచురాళ్ళు మొదలెట్టాయి. ఉన్నట్టుండి పొదల అవతల ఒక పిట్ట అరిచింది. నా గుండె ఝల్లుమంది. చెయ్యి కెమెరా మీదికి పోయింది.

“తీతువబ్బా అది!” అన్నాడాయన. “రేపు పగులు రా, మా చెరువుకాడ కావలసినన్ని తీసుకుందువు.”