ఒకే పిండి... తీపి, కారం రెండూ!

ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తింటే ఆ మజాయే వేరు. కాస్త తీపి, కాస్త ఉప్పన! ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదే దానికా పేరొచ్చిందంటారు. ఆ రుచినీ, దానికి జోడీగా ఖారా బిస్కెట్‌నీ ఇంట్లోనే ఒకే పిండితో చేసేద్దామా?

పావుకిలో మైదాలో అర టీస్పూను బేకింగ్ పౌడర్ కలిపి జల్లించండి. 150 గ్రాముల చల్లటి వెన్న వేసి వేళ్లతో రవ్వలా నలపండి. దీన్ని రెండు భాగాలు చేయండి.

తీపికి: 50 గ్రాముల పంచదార పొడి, రెండు చెంచాల పాలపొడి, పావు టీస్పూను ఉప్పు, యాలకుల పొడి. ముద్దయ్యేందుకు చెంచాడు పాలు.

కారానికి: సన్నగా తరిగిన రెండు పచ్చిమిర్చి, కరివేపాకు, జీలకర్ర, అర టీస్పూను ఉప్పు, చెంచాడు పెరుగు.

రెండు ముద్దల్నీ 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, అర సెంటీమీటరు మందాన ఒత్తి, గిన్నె అంచుతో బిళ్లలు కోయండి. ఈ పని పిల్లలకిచ్చేయండి!

ముందే వేడెక్కిన అవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు చాలు. అవెన్ లేదా? మందపాటి గిన్నెలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడిచేయండి. ఆపైన బిస్కెట్ల పళ్లెం పెట్టి సన్నని సెగ మీద పాతిక నిమిషాలు ఉంచండి.

మొదటిసారి నేను ‘ఇంకా మెత్తగానే ఉన్నాయే’ అని అలాగే వదిలేశా. ‘అమ్మా, ఇవి బొగ్గులా?’ అన్నాడు మావాడు. అంచులు బంగారు రంగుకి రాగానే తీసేయండి. కరకరలాడేది చల్లారాకే!